అరవై మూడు గజ్జెలు

తొమ్మిదో బాయిలో కొత్తగా ఆట పిడి పట్టిన మొగిలమ్మ గారికి, ఐదో బాయి ఆటగాడు గట్టయ్య నమస్కారం.

నా చేతిరాత బాగుండదు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగా తెలియదు. నాలుగో తరగతి దాకా చదివాను, ఆ తర్వాత గొట్టాలు మోశాను. తప్పులు మన్నించి చదువుకోండి.

మీరు గాలిగొట్టంలో వేసిన చీటీ అందింది. మూడు సంగతులు అడిగారు. ఆటలో బాట ఎంత నడవాలి, పక్క పనులు ఎన్ని చేయాలి, కొట్లాటకు ఎప్పుడు పోవాలి అని. నాకు ఇవి ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. పదకొండేళ్లు ఆడితే మొన్న తెలిసింది. విడమరిచి చెప్పడం నాకు చేతకాదు. నేను రోజూ రాసుకునే పుస్తకంలోంచి ఈ పన్నెండు రోజులవి ఎత్తి రాస్తున్నాను. మీ బాయి పద్ధతి వేరే ఉండొచ్చు. అందుకని అక్కడక్కడ మీ కోసం నాలుగు మాటలు కలిపాను.

*ఎండ తలుపులు మూయడానికి పన్నెండు రోజులు*

పొద్దున తెర తుడిచాను. పిడికి నూనె పెట్టాను. బాట: లేదు. పక్క పనులు: రెండు. కొట్లాట: లేదు.

మా బాయిలో ఇళ్లు పైనుంచి కిందికి ఆరు మెట్లుగా ఉంటాయి. మొదటి పని మూడో మెట్టు సత్తవ్వది. నల్లా సన్నగా వస్తోందని వచ్చి కూర్చుంది. ఆటలో ఆమె గొర్రె తప్పిపోయిన ముసలమ్మలా కనిపిస్తుంది. ఏటి ఒడ్డంతా తిరిగి గొర్రెను తోలుకొచ్చి దొడ్లో కట్టేశాను. కట్టగానే సత్తవ్వ ఇంట్లో ధార లావైంది. రెండో పని మొదటి మెట్టు పెద్దమనిషి నర్సింగానిది. స్నానాల గదిలోకి ఇంకో ధార కావాలన్నాడు. ఆటలో ఆయన తోటకు కాలువ తవ్వాను.

పంపులు కట్టినవాళ్లు, మనుషులకు పనంటే విసుగు, ఆటంటే ఇష్టం అనుకుని బాయి నీళ్ల పనంతా ఆటలో పెట్టారట. వాళ్లు ఎప్పుడో పోయారు. ఆట మిగిలింది. మీకు తెలిసిందే.

పని అయితే ఆట ఒక గజ్జె ఇస్తుంది. ఆటలో మనిషి దాన్ని నడుముకు కట్టుకుంటాడు. మా బాయిలో కమ్మరి అచ్చం అలాంటిదే ఇత్తడిది చేసి నా నడుముకూ కడతాడు. ఆటగాడు దిగిపోయిన రోజు ఆ పట్టీని గోడకు తగిలించి, గజ్జెలు ఎన్నో నలుగురిలో చదువుతారు. నా ముందు ఆడిన బక్కయ్యవి నూట పన్నెండు. నావి ఇవాళ్టికి అరవై ఒకటి. నేను నలుగురిలోకి పోవాలంటేనే సిగ్గుపడతాను. అలాంటివాణ్ణి, కదిలితే రెండు మెట్ల కిందికి వినిపిస్తాను.

బాట మాత్రం ఆరో మలుపు దగ్గర, ఒక దున్న అడ్డం నిలబడి, రెండేళ్లుగా ఆగింది. ఒక్కో మలుపు దాటితే ఒక్కో మెట్టు గోడల్లోకి చల్లనీళ్లు దిగుతాయి. ఐదు మెట్లకు దిగాయి. అన్నిటికన్నా కిందిది ఆరో మెట్టు. పద్నాలుగు ఇళ్లు. అక్కడ గోడలు పొడిగా ఉన్నాయి. మా చెల్లె ఓదెమ్మ ఇల్లు అక్కడే.

మధ్యాహ్నం అంబలి తెచ్చింది. రోజూ తెస్తుంది. ఇద్దరం కలిసే తాగుతాం.

"అన్నా, గోడ మీద చెయ్యి పెడితే కాలుతాంది. ఈ ఎండకాలం ఆడ ఉండలేం. తలుపులు మూసేలోపు మెట్టు మెట్టంతా తొమ్మిదో బాయికి పోదామంటున్నరు."

ఎండ తలుపులు మూస్తే యాభై రోజులు ఎవరూ పైకి పోలేరు. మీ బాయి మాకు రెండు రోజుల నడక. ఓదెమ్మకు ఆయాసం.

"నువ్వు పోతవా?" అన్నాను.

"పోక ఏం జెయ్యాలె? నువ్వు దున్నతోని ఎప్పుడు కొట్లాడుతవా అని కూసోవాల్నా?"

అంబలి తాగి గిన్నె కడిగి ఇచ్చాను.

*తలుపులకు పది రోజులు*

బాట: లేదు. పక్క పనులు: ఒకటి. కొట్లాట: లేదు.

ఇవాళ దున్న దగ్గరికి పోవాలనే లేచాను. పిడి పట్టుకున్నానో లేదో రెండో మెట్టు నుంచి ఒకాయన వచ్చాడు, పెరట్లో ధార పక్కకు కొడుతోందని. రేపు రమ్మని చెబుదామనుకున్నాను. అనకుండానే పని మొదలుపెట్టాను. చేసేసరికి సగం రోజు పోయింది. అరవై రెండు.

నిజం రాస్తున్నాను. పక్క పని అడ్డం వచ్చిందని కొంచెం సంతోషం కూడా వేసింది. దున్నంటే నాకు భయం.

*తలుపులకు తొమ్మిది రోజులు*

బాట: లేదు. కొట్లాట: ఒకటి. పడ్డాను.

ఆరో మలుపులో ఏరు దాటే రేవు ఉంది. దున్న ఆ రేవుకు అడ్డంగా ఒడ్డు మీద నిలబడి ఉంటుంది. దాన్ని వెనక్కి తోసి లోతు నీళ్లలోకి దింపాలి. నేను నలభై అడుగుల దూరంలో ఉండగానే చెవులు నిక్కబొడిచింది. నడుము గజ్జెలు మోగాయి కదా. తిరిగి చూసింది, వచ్చింది, కొమ్ముతో ఎత్తేసింది. అంతే. ఒకసారి పడితే ఆట మర్నాటి దాకా లేవదు.

ఓదెమ్మ పక్కనే ఉండి చూసింది.

"నువ్వు పొడువనన్న పొడవలేదు గదన్నా," అన్నది.

*తలుపులకు ఎనిమిది రోజులు*

బాట: లేదు. పక్క పనులు: ఒకటి. కొట్లాట: లేదు.

నర్సింగం వచ్చి ధైర్యం చెప్పాడు. "గజ్జెలు తక్కువున్నయి గట్టయ్యా. బలం చాలలే. ఇంకో పది కట్టు, దున్న దానంతట అదే జరుగుతది." ఆయనకు ఆట రాదు. కానీ అందరూ అదే అంటారు. బక్కయ్య కూడా అదే అనేవాడు. సరేనని ఒక ఇంటి పని చేశాను. అరవై మూడు.

కింద ఆరో మెట్టులో మూటలు కట్టడం మొదలైంది. తిరగలి మోయలేమని ఓదెమ్మ దాన్ని నా గదిలో పెట్టి పోయింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను.

*తలుపులకు ఏడు రోజులు*

కొట్లాట: ఒకటి. పడ్డాను.

ఈసారి యాభై అడుగుల దూరంలోనే లేచింది. గజ్జె పెరిగిన కొద్దీ దానికి ముందే వినిపిస్తోంది. ఇంతకు ముందు కన్నా బరువుగా కూడా ఉంది. భుజం పెట్టి తోస్తే కొండను తోసినట్టు ఉంది. అది ఎత్తేసినప్పుడు పట్టీ నుంచి ఒక గజ్జె తెగి ఇసుకలో పడింది. అప్పుడు దున్న ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఒక్కటే. కాలు జారిందేమో అనుకున్నాను.

*తలుపులకు ఆరు రోజులు*

బాట, పని, కొట్లాట ఏమీ లేవు. కానీ ఈ రోజుది జాగ్రత్తగా చదవండి.

పొద్దున్నే సత్తవ్వ వచ్చింది. కోపంగా ఉంది.

"గట్టన్నా, ఏం జేసినవ్? నిన్న మా నల్లా కాడి దీపం ఎలిగింది!"

ప్రతి ఇంట్లో నల్లా పక్కన గోడలో చిన్న ఎర్ర బుడిపె ఉంటుంది. అది దీపమని కూడా ఎవరికీ పట్టదు. దానికి చెంబు తగిలిస్తారు.

"దీపమా?"

"ఎర్రగ, కన్ను లెక్క! నా పెండ్లయినప్పటి సంది అది ఎలగంగ చూడలే. పానం దడదడ కొట్టుకున్నది. నల్లా కట్టేసి బయటికి ఉరికిన."

"నల్లా కట్టేసినవా?"

"కట్టెయ్యనా మరి? పేలుతదేమోనని!"

ఎప్పుడని అడిగాను. నేను పడిన సమయం చెప్పింది. తెర మీద చూశాను. తెగిన గజ్జె మళ్లీ పట్టీకి వచ్చి చేరింది. దాని మీద గొర్రె గుర్తు ఉంది. సత్తవ్వ గజ్జె.

ఆమె పోయాక ఐదో మెట్టు చివర పెద్ద గొట్టానికి చెవి పెట్టి కూర్చున్నాను. లోపల గాలి బుసబుసమంటోంది. నీళ్లు వచ్చి ఆ గాలికి తగిలి వెనక్కి పోతున్నాయి. కుర్రతనంలో ఇలాంటి గొట్టాలే మోశాను. గాలి పట్టుకుంటే నీటి తోపు గట్టిగా ఉంటే తప్ప కదలదు. ఆ తోపు ఎటు పోయింది? అరవై మూడు ఇళ్లకు నేనే పంచిపెట్టాను. దున్న బరువు పెరగలేదు. నా భుజం పలచబడింది.

*తలుపులకు ఐదు రోజులు*

కొట్లాట: సగం.

సత్తవ్వను నల్లా పక్కన కూర్చోమన్నాను. ఎందుకో చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు. "కూసో, దీపం ఎలిగితే కట్టేయ్" అన్నాను. ఓదెమ్మను మూడో మెట్టు గట్టు మీద నిలబెట్టాను.

దున్నకు దూరంగా నిలబడి, పట్టీ నుంచి గొర్రె గుర్తు గజ్జె తీసి విసిరాను. పైనుంచి ఓదెమ్మ కేక వేసింది. "ఎలిగింది!" తర్వాత, "కట్టేసింది!" దున్న ఒక అడుగు వెనక్కి వేసింది.

కొమ్ము తగలకముందే పారిపోయి వచ్చాను. పడకుండా వెనక్కి వస్తే ఆట మూసుకోదు.

గజ్జెలు బలానికి ఇచ్చినవి కావు. పిలవడానికి ఇచ్చినవి. బక్కయ్య నూట పన్నెండు కట్టుకుని ఒక్కటీ విసరకుండా పోయాడు. ఆయనకు ముందువాళ్లూ అంతే. మేం వాటిని గోడకు తగిలించి దండలు వేశాం.

దున్న నుంచి లోతు నీళ్లకు ఎన్ని అడుగులో కొలిచాను. అరవై రెండో మూడో ఉంది.

*తలుపులకు నాలుగు రోజులు*

ఏమీ లేదు.

అరవై మూడు ఇళ్లకు చెప్పాలి. మొదటి మెట్టు మీద మైకు ఉంది. పుట్టుకలూ చావులూ అందులో చెబుతారు. పొద్దున పోయి దాని ముందు నిలబడ్డాను. మా దగ్గర ఆటగాడు పని చేస్తాడు, తిరిగి ఏమీ అడగడు. అడిగితే గజ్జెకు మైల అంటారు. మైకు మీద దుమ్ము ఉంటే తుడిచి వచ్చేశాను.

ఓదెమ్మకు నా ముఖం చూడగానే తెలిసింది.

"అడిగినవా?"

"దుమ్ము తుడిచిన."

"మంచిగ జేసినవ్. ఎల్లుండి పొద్దుగాల మేం పోతున్నం. ఆ తుడిచిన మైకుల చెప్పు, ఓదెమ్మ పోయింది అని."

ఆ మాట అని దగ్గుతో వంగిపోయింది. చాలాసేపు తగ్గలేదు. నీళ్లిచ్చాను. రెండు రోజుల నడక, పైన ఎండ. నేను లెక్కవేసుకున్నాను. వద్దనుకున్నా లెక్క వచ్చింది.

*తలుపులకు మూడు రోజులు*

తొమ్మిది గంటలకు పోయి మైకు పట్టుకున్నాను. ఏం మాట్లాడానో నర్సింగం కోడలు తర్వాత రాసిచ్చింది. అదే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"గట్టయ్యను. జర నల్లాలు కట్టేయుండ్రి. పది గంటలకు. ఎర్ర దీపం ఎలిగినంక. నేను చెప్పేదాక ఇప్పద్దు. మా చెల్లె పోతాంది."

చివరి మాట అనాలనుకోలేదు. వచ్చేసింది.

దిగేలోపు నర్సింగం మెట్టు దగ్గర ఆపాడు.

"ఏంది గట్టయ్యా, ఆటగాడు అడుగుడు ఎన్నడన్న విన్నమా? బక్కయ్య అడిగిండా?"

"అడగలేదు."

"మరి?"

"అందుకే నాలుగు మలుపులకు ఆయనకు ముప్పై ఏండ్లు పట్టింది."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. నేను ఇంత పొడుగు మాట అనడం ఆయన వినలేదు. "సరే తీయ్," అన్నాడు. "పది గంటలకేనా?"

పది గంటలకు పిడి పట్టాను. చెమటకు జారుతుంటే తువ్వాలు చుట్టాను. ఓదెమ్మ నా పక్కన కూర్చుంది. మైకు తీగ లాగి మా గది దాకా తెచ్చుకుంది. ఎందుకే అంటే, "నువ్వు మళ్ల మూగవైతే?" అన్నది.

మొదటి గజ్జె విసిరాను. దున్న లేచింది, వస్తోంది. రెండోది. మూడోది. ఎవరైనా కడతారో లేదో తెలియదు. నాలుగోది విసరగానే అది ఆగింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. పైమెట్ల నుంచి అరుపులు మొదలయ్యాయి. "ఎలిగింది, కట్టేసినం!" "మాదీ అయింది గట్టన్నా!" "మాది బిర్రుగుంది, రాయితో కొడుతున్న, ఆగు!" ఆగాను. రాయి దెబ్బ వినిపించింది. దున్న అడుగు వేసింది.

ఇరవై అయ్యేసరికి నడుము మోత తగ్గింది. దున్న చెవులు అటూ ఇటూ తిప్పుతోంది, నేనెక్కడున్నానో దానికి సరిగా వినిపించడం లేదు. నలభై అయ్యేసరికి దగ్గరగా పోయి దాని నుదుటికి భుజం పెట్టాను. ఈసారి నా వెనక ఎవరో ఉన్నట్టుంది. అలాంటిది ఆటలో నాకు ఎప్పుడూ అనిపించలేదు.

అరవై మూడూ అయిపోయాయి. దున్న వెనక కాళ్లు నీళ్లలో ఉన్నాయి. ఇంకా ఒక్క అడుగు. వేయడం లేదు. నా భుజం జారుతోంది. దున్న నన్ను తోయడం మొదలుపెట్టింది.

"ఎవరిదో కట్టలే," అన్నాను.

"ఎవరిది?"

తెర మీద చూశాను. తోట కాలువ గుర్తు గజ్జె ఒక్కటి ఇసుకలో ఎర్రగా వెలుగుతూ ఉంది. "నర్సింగంది."

ఓదెమ్మ మైకు నోటికి ఆనించుకుంది. బాయి అదిరింది.

"నర్సింగం బావా! నల్లా కట్టెయ్!"

మొదటి మెట్టు నుంచి, గోడల వెనక నుంచి, సన్నగా వచ్చింది జవాబు.

"సబ్బు మీదున్ననే!"

"సబ్బుతోనే కట్టెయ్!"

"కండ్లల్ల పడ్డది! నల్లా కానొస్తలే!"

"తడుము! నువ్వు పెట్టిచ్చుకున్న ధారే గద, తడుము!"

బాయంతా నవ్వింది. నల్లాల పక్కన కూర్చున్న అరవై రెండు ఇళ్లూ నవ్వాయి. నేను నవ్వలేదు. నా పాదాలు ఇసుకలో వెనక్కి పోతున్నాయి. రెండు అడుగులు పోయాయి.

ఇసుకలో ఎర్ర వెలుగు ఆరింది.

దున్న ఒక్కసారిగా తేలికైంది. ఒకటి, రెండు, మూడు అడుగులు వెనక్కి వేసి, లోతు నీళ్లలోకి దిగింది. దిగి పారిపోలేదు, చావలేదు. మెడ దాకా మునిగి, కళ్లు మూసుకుని పడుకుంది. నన్ను మరిచిపోయింది.

కింద గొట్టంలో పెద్దగా త్రేనుపు వచ్చింది. గాలి పోయింది. ఆ వెనక నీళ్లు. ఆ చప్పుడు నేను రాయలేను.

ఓదెమ్మ మైకు కింద పెట్టి మెట్లు దిగింది. ఆయాసమని చెప్పినా వినలేదు. చాలాసేపటికి పైకి వచ్చింది. అరచేయి నా చెంపకు ఆనించింది. చల్లగా ఉంది. గోడ మీద పెట్టి వచ్చింది.

నేను మైకులో "ఇప్పుకోండ్రి" అన్నాను. అందరూ నల్లాలు తిప్పారు. ధార ముందటి లాగే ఉంది. ఎవరికీ ఏమీ తగ్గలేదు.

నర్సింగం తువ్వాలు కట్టుకుని, కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చాడు. "ఏడవలేదు," అన్నాడు. "సబ్బు."

*తలుపులకు రెండు రోజులు*

బాట: ఆరో మలుపు దాటాను. పక్క పనులు: లేవు. కొట్లాట: లేదు.

ఆరో మెట్టులో మూటలు విప్పారు. ఓదెమ్మ తన తిరగలి తీసుకుపోవడానికి వచ్చింది. నేను మోస్తానన్నాను. ఇద్దరం మోశాం. మధ్యలో మూడుసార్లు దించాం.

ఆటలో పట్టీ ఖాళీ. నా నడుము పట్టీ కూడా విప్పేశాను. ఎవరి గజ్జె వాళ్లకు ఇచ్చేశాను. నల్లాలకు కట్టుకున్నారు. ఇప్పుడు ఎవరైనా నీళ్లు పట్టుకుంటే చిన్నగా మోగుతుంది. బక్కయ్య పట్టీని ఏం చేయాలో పెద్దలు ఇంకా తేల్చలేదు.

సాయంత్రం నేను పోయి సత్తవ్వ గడప దగ్గర నిలబడితే ఆమె ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చినవ్? చప్పుడన్న చెయ్యవు!"

*తలుపులకు ఒక్క రోజు*

బాట: కొంచెం. పక్క పనులు: ఒకటి, ఈ ఉత్తరం. కొట్లాట: లేదు.

ఇక మీరు అడిగినవి, మొగిలమ్మ గారూ. బాట ఎంత, పనులు ఎన్ని అనే లెక్క నా దగ్గర లేదు. నేను చేసిన తప్పు మాత్రం చెప్పగలను. దున్నంటే భయపడి పక్క పనుల్లో దాక్కున్నాను. చేసిన పనుల్ని నడుముకు కట్టుకుని కూర్చున్నాను. పక్క పని అసలే చేయకపోతే మీరు పిలిచినా వచ్చేవాళ్లు ఉండరు. కాబట్టి చేయండి. కానీ మలుపు దగ్గరికి రాగానే విసరండి. ఒక్కటి కూడా దాచుకోవద్దు. మైకులో మాట్లాడాల్సి వస్తే రెండు మాటలు చాలు. ముందురోజు పోయి దుమ్ము తుడిచి రావడం మంచిదే.

ఇంకో సంగతి. ఏడో మలుపులో ఏరు బాగా వెడల్పవుతుంది. ఇవాళ అక్కడి దాకా పోయి చూశాను. ఒడ్డున పడవ ఉంది. దానికి రెండు తెడ్లు. ఒకదాని మీద మా బాయి గుర్తు ఉంది. రెండోదాని మీద మీ బాయి గుర్తు ఉంది. నేను ఒక్కణ్ణే తోస్తే పడవ అక్కడక్కడే తిరుగుతోంది. మీ బాయికీ మాకూ మధ్య పాత గొట్టం ఒకటి భూమిలో ఉందని కుర్రతనంలో విన్నాను. అది ఇదేనేమో. తెరుచుకుంటే మీ నీళ్లు మాకు, మా నీళ్లు మీకు వస్తాయి. ఎండకాలంలో ఎవరూ మూటలు కట్టక్కర్లేదు.

మీ ఆటలో ఆ పడవ కనిపిస్తోందా? మీరు ఏ మలుపులో ఉన్నారు? మీకు అడ్డంగా ఏం నిలబడి ఉంది?

గాలిగొట్టంలో చీటీ వేయడం కూడా ఆటలో పక్క పనే. ఈ ఉత్తరం అందులో వేయగానే ఆటలో నా నడుముకు ఒక గజ్జె వస్తుంది. దాని మీద మీ గుర్తు ఉంటుంది. నేను దాన్ని దాచుకోను. రేపు పొద్దున పది గంటలకు విసురుతాను. మీ నల్లా పక్కన ఎర్ర బుడిపె మీద చెంబు ఉంటే తీసేయండి.

నా వయసు డెబ్బై ఒకటి. ఒకరిని అడగడం ఇది రెండోసారి. జవాబు తొందరగా రాయండి.